మంచె మీద మా అత్త

పక్కింట్లో పచ్చజొన్న కంకులు కాలుస్తున్నారు. ఆ కమ్మటి పొగ మా వాకిట్లోకి వస్తుండగానే బడి పంతులు సంచితో వచ్చి, మా ఊరి సంగతులన్నీ కూర్చి అచ్చు వేయించిన పుస్తకం నా చేతిలో పెట్టాడు. తల నెరిశాక మనవరాలి పక్కన కూర్చుని అక్షరాలు నేర్చుకున్నదాన్ని నేను. ఇప్పటికీ వేలు పెట్టి ఒక్కొక్క మాటే కూడబలుక్కుంటాను. నడిమి పుటలో ఒక పాత ఫోటో ఉంది. యుద్ధ విమానం, చుట్టూ జనం, వెనక నాలుగు గుంజల మీద ఎత్తుగా నిలబడి చెయ్యెత్తిన ఒక ఆడమనిషి. కింద ఇలా రాశారు: "యుద్ధం ముగిశాక ఒక వేసవిలో, ఊరి బీడులో విమాన ప్రదర్శన. చూపరుల కోసం వేసిన వేదిక మీది నుంచి ఉత్సాహంగా చెయ్యి ఊపుతున్న మహిళ." చదవడం పూర్తి చేసి, లేవబోతున్న పంతుల్ని కోపంగా కూర్చోబెట్టి చెప్పడం మొదలుపెట్టాను.

ఆ మనిషి మా మేనత్త బాలమ్మ. తల్లి లేని నన్ను పెంచింది ఆమే. అది వేదిక కాదు, మంచె. జొన్న పాలు పోసుకున్నప్పుడు పిట్టల్ని తోలడానికి వేసుకుని, కోత కాగానే పీకేస్తాం. వేసవిలో మంచె ఎక్కడిది? అవి బతుకమ్మ ముందరి రోజులు. యుద్ధం ఇంకా నడుస్తూనే ఉంది. ఆమె కాళ్ల దగ్గర నల్లగా మసకగా కనిపించేది నేను.

మా చేను గోపాల్‌పేట దారి పక్కన, ఊరి మైదానాన్ని ఆనుకుని ఉండేది. పొద్దు పొడవకముందే అత్తా నేనూ మంచె ఎక్కేవాళ్లం. వడిసెలలో రాయి పెట్టి నేను పిట్టనే గురి చూస్తే నెత్తి మీద మొట్టేది. "పిట్టను సంపితే ఏమొస్తది పోరీ? రాయి పక్కకు పడాలె. గిది మా సేను, లేచిపో అని చెప్పాలె, గంతే." ఆకలైతే కంకులు కాల్చి, అరచేతుల్లో నలిపి, పొట్టు ఊది ఊసబియ్యం నా నోట్లో పోసేది.

ఆ రోజు కూడా అవే తింటున్నాం. ఊరి భూముల లెక్కలు రాసే పట్వారి, మనుషుల్నీ ఎడ్లనీ వెంటబెట్టుకుని వచ్చాడు. జనానికి చూపించడానికి విమానం తెస్తున్నారట, ఆ గాలిమోటరు దిగడానికి మైదానం చాలదట.

"బాలమ్మా, దిగు. సేను సాపు చెయ్యాలె."

"పాలమీదున్న పంట పట్వారీ. జర ఆగున్రి. కంకి గట్టిపడంగనే నేనే కోసి ఇడిసిపెడ్త."

"నీ జొన్నల కోసం గాలిమోటరు మీదనే నిలబడ్తదా?" అన్నాడు పట్వారి. వెంట వచ్చినవాళ్లంతా నవ్వారు.

"గట్లైతే మీ వాకిట్ల దించుకోన్రి" అంది అత్త.

ఎడ్లకు దుంగలు కట్టి చేనంతా ఈడ్చారు. పాలకంకులు చితికి, మట్టి జిగటగా మారింది. అత్త దిగలేదు గనుక మంచె చుట్టూ నాలుగు సాళ్లు మిగిలాయి. మధ్యాహ్నం విమానం మా చేని మీదుగానే వచ్చి ఆగింది. జనం విరగబడ్డారు. అంత వింత నేనూ ఎన్నడూ చూడలేదు, అయినా అత్త కొంగు వదలలేదు. ఫోటో తీసేవాడు నల్లగుడ్డ కప్పుకుంటుండగా ఆమె లేచి వడిసెల తిప్పింది. రాయి వెళ్లి చక్రం పక్కన మట్టిలో పడింది. ఆమె గురి సంగతి నాకు తెలుసు, తగలాలనుకుంటే తగిలేదే.

కోతలయ్యాక, ప్రతి చేనూ సర్కారుకు కట్టాల్సిన లెవీ ధాన్యం కొలుచుకోవడానికి వచ్చారు. తొక్కించిన మా చేనికీ జొన్నలు కట్టాలన్నారు. అత్త నన్ను వెంటబెట్టుకుని చావడికి పోయి, పంట ఏమైందో ఊరంతా చూసిందని చెప్పింది.

"అప్పుడు నీ సేను బీడుండె. కావల్నంటే అందర్ని అడుగు" అన్నాడు పట్వారి. అడిగింది. ఒక్కరూ నోరు విప్పలేదు.

"బీడుకు లెవీ ఏంది మరి? నా సేను గాలిమోటరుకు బీడు, లెవీకి పచ్చజొన్ననా?"

అరుగు మీద ఎవరో కిసుక్కున నవ్వారు. పట్వారి మాత్రం నవ్వలేదు. విత్తనానికి దాచిన జొన్నలు కూడా కొలిపించుకుని పోయాడు. నవ్వినవాళ్లూ, నోరు విప్పనివాళ్లూ అందరూ ఆ చేని గట్టు మీద నడిచినవాళ్లే. వాళ్లను నేను ఇప్పటికీ క్షమించలేదు.

అప్పటినుంచి ఆమె పేరు గాలిమోటరు బాలమ్మ అయింది. "ఏం బాలమ్మా, గాలిమోటరు మల్లెప్పుడొస్తది?" అని కల్లు దుకాణం ముందు అడిగేవాళ్లు. "నీ సేను పండినప్పుడొస్తది తియ్యి" అనేది ఆగకుండా. బీడేనని ఒప్పుకుంటే ఈ ఎగతాళి పోతుందని మా నాయన బతిమాలాడు. "ఎగతాళితోపాటు నా కష్టం గూడ పోతదిరా తమ్మీ" అంది. చివరిదాకా ఒప్పుకోలేదు. నేను అక్షరాలు దిద్దేనాటికి ఆమె లేదు.

ఇదంతా విని పంతులు తల గోక్కున్నాడు. "పట్వారి ఇంటోళ్లు ఫోటో ఇచ్చి ఏం చెప్పిన్రో గదే రాసినం అవ్వా. మల్ల అచ్చేసినప్పుడు సూద్దాం."

"అప్పటిదాంక మా అత్త వాళ్లకు చెయ్యి ఊపుకుంట నిలబడాల్నా? నీ జేబుల కలం ఇటియ్యి."

ఫోటో కింది అచ్చు మాటల్ని అడ్డంగా కొట్టేశాను. రాయి పక్కకు పడాలని నేర్పింది అత్త. ఆ ఒక్క పాఠం నేను పాటించలేదు. మిగిలిన కాస్త ఖాళీలో వంకర అక్షరాలతో రాశాను: "లడాయి నడిచిన కాలం. బతుకమ్మ ముందర. పాలమీదున్న జొన్నచేను. మంచె మీద బాలమ్మ. చేతిలో వడిసెల."

తర్వాత, ఊళ్లో పంచడానికి పంతులు సంచిలో తెచ్చిన మిగతా పుస్తకాలు కూడా బయటికి తియ్యమన్నాను.