క్యాలెండర్ల వెనక గోడ

మా అమ్మ సాలమ్మ ఇరవై ఆరేళ్లు నాచారంలో ఒక బిస్కెట్ల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని చేసింది. ఇంట్లో చపాతీలు కూడా పన్నెండేసి పేర్చేది.

పని మానేసిన ఏడాది ఆమె గదిలో ఏసీ పెట్టించాను. "నాకెందుకురా గీ సోకులు" అంది. వారం తిరక్కుండానే అది లేకపోతే నిద్రపట్టని స్థితికి వచ్చింది.

ఏసీ కింద, మంచం తలాపున ఒక మేకు ఉండేది. కొత్త సంవత్సరం ఆరాధనలో చర్చిలో ఇచ్చే, ఏడాదికో బైబిల్ వాక్యం అచ్చేసిన వాగ్దాన క్యాలెండర్లన్నీ దానికే వేలాడేవి. కొత్తది వస్తే పాతదాని మీదే తగిలించేది. తీసెయ్యమంటే, "పోయినేటి మాట దేవుడు వాపస్ తీసుకున్నడా, నేను తీసెయ్యనీకి?" అనేది. క్రిస్మస్‌కి రంగులేసేవాళ్లు కూడా ఆ దొంతర చుట్టూ బ్రష్ తిప్పి వెళ్లిపోయేవాళ్లు.

మూడేళ్ల కిందట వానాకాలంలో ఆమెకు దగ్గు మొదలైంది. గదిలో ముక్కిన వాసన. మా కాలనీలో ఏ వాసన వచ్చినా జవహర్‌నగర్ చెత్త డంపునే తిడతారు. మేమూ తిట్టాం. కిటికీలు బిగించి, సందులకు టేపు అంటించి, ఏసీ పగలు కూడా నడిపించాం. దగ్గు ఎక్కువైంది. ఇంకా గట్టిగా మూశాం.

ఒకరోజు ఏసీలోంచి మంచం మీద నీళ్లు కారాయి. ఉప్పల్ నుంచి కనకరాజు అనే మెకానిక్ వచ్చాడు. స్టూలెక్కి మూత తీశాడు.

"పెద్దమ్మా, పైపు జామైంది. నీళ్లు బయటికి పోతలేవు, గోడల దిగుతున్నయి. జర గా క్యాలెండర్లు తియ్యి."

"గవి ముట్టకు బిడ్డా. నీ పని మిషన్ కాడ."

"మిషన్ కాడనే ఉన్న. గోడ మెత్తగైంది, సూడు, సిమెంటు రాలుతుంది."

"వాక్యం మీద చెయ్యి వేసుడు మంచిగుండదు."

"అయితే నువ్వే తియ్యి. నీ దేవుడు నిన్నేమనడు!"

అమ్మ నవ్వింది. ఆ నవ్వులోనే దగ్గు వచ్చింది. తగ్గాక లేచి రెండు చేతులా దొంతర పట్టుకుంది. పైవి తేలిగ్గానే వచ్చాయి. అడుగున నాలుగు రాలేదు. గట్టిగా లాగితే తడిసిన రొట్టెలా ముద్దగా చేతిలోకి వచ్చాయి.

వెనక గోడ నల్లగా ఉంది. మసి కాదు, దానికి నూగు ఉంది. అంచుల్లో పచ్చగా, మంచం వెనక్కి నేల దాకా పాకి ఉంది. సన్నటి ధూళి లేచింది. కనకరాజు మోచేత్తో ముక్కు మూసుకుని స్టూలు మీంచి దూకాడు.

"అమ్మో, ఇదేంది! బయటికి నడు పెద్దమ్మా, ముందు నడు!"

ఆమె కదల్లేదు. నేను రోజూ పొద్దున టీ తెచ్చి ఆ గోడ పక్కనే నిలబడేవాణ్ని.

"గా డంపు వాసన కాదా ఇది?" అంది అమ్మ.

"కాదు పెద్దమ్మా. మీ ఇంట్లదే."

"దీని కిందనా నేను పండుకున్నది?"

ఆమె భుజం పట్టుకుని బయటికి నడిపించాను.

మర్నాడు ఉప్పల్లో ఛాతీ డాక్టరుకు చూపించాం. ఆయన స్కాన్ చూసి, గోడ సంగతి విన్నాడు. "బూజు గాలి పీల్చీ పీల్చీ ఊపిరితిత్తులు గట్టిపడ్డాయి. ఆ గదిలోకి ఇక పంపకండి. మిగిలింది కాపాడుకుందాం, పోయింది తిరిగి రాదు" అన్నాడు.

"ఎంత పోయింది సారూ?" అని అడిగింది అమ్మ.

"సగం పైనే."

తిరిగొస్తూ రింగ్‌రోడ్డు దగ్గర రోడ్డు దాటేందుకు స్కైవాక్ మెట్లు ఎక్కబోయాం. లిఫ్టు వద్దంది. నాలుగో మెట్టు మీదే కూలబడింది. "నువ్వు నడువు, నేనొస్త" అంది. పక్కనే కూర్చున్నాను.

ఆ తర్వాత అమ్మ పదకొండు నెలలు బతికింది. ఆమె ఊపిరి చప్పుడు నేను మొదటిసారి విన్నది మాత్రం ఆ మెట్ల మీదే, అన్ని బస్సుల మోతలో. ఇంట్లో, పక్క గదిలోనే పడుకుంటూ, ఒక్కనాడూ వినలేదు.