బొట్టు పెట్టిన డాంగిళ్లు

మా అక్క కోకిల కంప్యూటరుతో మనిషితో మాట్లాడినట్టే మాట్లాడేది. తిరుత్తణిలో చిత్తూరు బస్సులు మలుపు తిరిగే చోట, ఇంటి ముందుగదిలో ఆమె బ్రౌజింగ్ సెంటరు. ఉన్నది ఒకటే డెస్క్‌టాప్. తీగ ఇంటర్నెట్ అప్పటికి మా వీధికి రాలేదు. అందుకని రెండు డాంగిళ్లు పెట్టుకుంది. బొటనవేలంత డాంగిల్లో సెల్‌ఫోను సిమ్ము వేసి కంప్యూటరుకు గుచ్చడం, తెర మీద డయల్ నొక్కడం, అది పలికేదాకా కాచుకోవడం. టవరేమో స్వామి గుడి ఉన్న కొండకు అవతల. సిగ్నల్ అందనప్పుడు అక్క కొండ వైపు చూసి, "స్వామి అడ్డం నిలబడుకోనుండాడు. ఆయన్ను జరగమని చెప్పేదెవరు?" అనేది.

సిమ్ములు రెండూ రెండు కంపెనీలవి. ఏ సిమ్ముకు ఆ కనెక్షన్, దాని సెట్టింగులు దానివి. కంపెనీల పేర్లు అక్కకు నచ్చక, తెర మీద తనే వేరే పేర్లు పెట్టింది. నిదానంగా వచ్చినా కదలకుండా కూర్చునేది పెద్దాయన. రయ్యిన వచ్చి చెప్పకుండా లేచిపోయేది కొత్తల్లుడు. వీధిలో అందరికీ ఈ చుట్టరికం తెలుసు.

"కోకిలక్కా, అల్లుడు వచ్చినాడా?" అని వాకిట్లోంచే అడిగేవాళ్లు.

"వచ్చినాడు. కాఫీ ఇచ్చేలోపల అలిగి పోయినాడు. పెద్దాయన ఉండాడు, కూర్చో."

ఒక ఏడాది ఆయుధపూజ వచ్చింది. మా వైపు చదువుల తల్లి పూజ కూడా ఆ రోజే. కత్తిపీటకు, కత్తెరకు, కుట్టుమిషనుకు పెట్టినట్టే అక్క కంప్యూటరుకూ బొట్టు పెట్టింది. అక్కడితో ఆగితే అక్క ఎందుకవుతుంది? డాంగిళ్లు ఊడదీసి, లోపలి సిమ్ములు కూడా బయటికి తీసి, అన్నిటికీ చందనం పూసి కుంకం అద్ది, సిమ్ములు మళ్లీ వేసి, దేవుడి పటం ముందు బొరుగుల పళ్లెం పక్కన కూర్చోబెట్టింది. అలా పెట్టిన పనిముట్టును మర్నాటి పొద్దుటిదాకా దేవుడి దగ్గర్నుంచి తియ్యకూడదు. ఊరంతా అదే పద్ధతి. ఆ రోజు తెరిచిన సెంటరు ఒక్కటీ లేదు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక కడంబత్తూరులో రైలెక్కి, స్టేషను నుంచి వైష్ణవి పరిగెత్తుకుంటూ వచ్చింది. ఫ్యాక్టరీలో పని చేసుకుంటూ, అక్క దగ్గరే నర్సింగు చదువుకు దరఖాస్తు వేసిన పిల్ల.

"అక్కా, సీటు వచ్చిందంట! అయిదు గంటల్లోపల కంప్యూటర్లో సరే అని నొక్కకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తారంట. నా ఫోన్లో ఆ పేజీ తెరుచుకోలే."

అక్క అత్తగారు పచ్చయమ్మ లోపల్నుంచే తీర్పు చెప్పింది. "పూజలో ఉండేది తీసేదానికి లేదు."

"చదువుల తల్లి పూజ నాడే పిల్ల చదువు పోతే ఆ తల్లికి మాత్రం ఏం మర్యాద అత్తా?"

"తియ్యకూడదంటే తియ్యకూడదు."

"తియ్యను. దేవుడి దగ్గర్నుంచి తియ్యకూడదు, సరి. దేవుడి దగ్గరికి తేకూడదని ఎవరన్నా చెప్పినారా?"

పచ్చయమ్మ ఆలోచించింది. అలా ఎవరూ చెప్పలేదు. ఆమె ఆలోచన తెమిలేలోపల నేను మానిటరు, వైష్ణవి సీపీయూ పెట్టె, అక్క కీబోర్డు మోసుకుని పటం ముందు చేరాం. కొత్తల్లుడి డాంగిలు ఉన్నచోటే ఉండగా అక్క పొడుగు వైరు తెచ్చి దాని మూతికి తగిలించింది.

లైటు వెలగలేదు. మూతి నిండా ఎండిన చందనం.

"బొట్టు నుదుటికి పెడతారు గాని మూతికి పూస్తారామ్మే?" అంది పచ్చయమ్మ.

అక్క పళ్ల బ్రష్షుతో గీకింది. లైటు వెలిగింది, సిగ్నల్ గీతలూ కనబడ్డాయి. కొత్తల్లుణ్ని డయల్ చేసింది. కుదరలేదు. మళ్లీ చేసింది. రెండో డాంగిలూ గీకి, తగిలించి, పెద్దాయన్ను పిలిచింది. ఆయనా పలకలేదు. గడియారంలో నాలుగున్నర దాటింది. పచ్చయమ్మ కర్పూరం వెలిగించింది. వైష్ణవి చున్నీ కొస నమలడం మొదలుపెట్టింది.

"వద్దులేక్కా. రేపు ఫ్యాక్టరీకే పోతా."

"నోరు ముయ్యి" అని, అక్క కుంకం అంటిన తన వేళ్లను చూసుకుంటూ ఉండిపోయింది. "అత్తా, పొద్దున సిమ్ములు యాడ పెట్టినా?"

"రెండూ ఒకే పళ్లెంలో పెట్టినావు. బొట్టు పెట్టి, చూడకుండానే దూర్చేసినావు."

అక్క ఫక్కున నవ్వింది. "అయ్యయ్యో! పెద్దాయన్ను తీసుకుపోయి అల్లుడింట్లో పడుకోబెట్టినా. అల్లుడా అల్లుడా అని పిలిస్తే ఆయన ఎందుకు పలుకుతాడు!"

సిమ్ములు మార్చే ఓపిక లేదు. మొదటి డాంగిలునే మళ్లీ తగిలించి, దానికి పెద్దాయన సెట్టింగులు ఇచ్చి డయల్ నొక్కింది. ఆయన తన పద్ధతిలో, మెట్టుమెట్టుకూ ఆగి కొండెక్కే ముసలాయనలా వచ్చాడు. పేజీ పైనుంచి కిందికి గీతగీతగా విచ్చుకుంది. ఊపిరి బిగబట్టి వైష్ణవి నొక్కింది. ‘మీ సీటు ఖాయమైంది’ అని తెర మీద పడగానే పచ్చయమ్మ కర్పూరం పళ్లెం తెచ్చి, అమ్మవారి కన్నా ముందు పెద్దాయనకు హారతి ఇచ్చింది.

అక్క పోయి ఇంకా ఏడాది కాలేదు. చివరి రోజుల్లో తిరువళ్లూరు ఆసుపత్రిలో ఆమె చేతిలో నరం దొరక్క నర్సులు ఒకరి తర్వాత ఒకరు వెనక్కి తగ్గారు. డ్యూటీ మారాక వైష్ణవి వచ్చింది. తెల్లచొక్కాలో, సూది పట్టుకుని, అచ్చం ఆనాటిలాగే ఊపిరి బిగబట్టి. అక్క కళ్లు తెరిచి చూసింది.

"అల్లుడు మాదిరి రయ్యిన రావద్దమ్మే" అంది. "పెద్దాయన మాదిరి రా."

వైష్ణవి నవ్వింది. నవ్వుతూనే నిదానంగా నరం వెతికింది. దొరికింది.