అందని నాడి

ఆ నర్సింగు కాలేజీలో ప్రిన్సిపాలుగారితో వాదించి నెగ్గిన మనిషిని పెద్దమ్మ ఒక్కసారే చూసింది. పిల్లలు పని నేర్చుకునే గది తుడుస్తూ కళ్ళారా చూసింది, ఎవరో చెబితే విన్న సంగతి కాదు.

మంచం మీది ప్లాస్టిక్ బొమ్మ చెయ్యి పట్టుకుని పిల్లలు నాడి చూసి రాసిన పుస్తకాలు తిరగేస్తూ ప్రిన్సిపాలుగారు పొంగిపోతున్నారు.

"నలభై మందీ డెబ్బై రెండే రాశారు! ఒక్కరూ తప్పలేదు. ఇంత బాగా చదువుతుంటే నోట్సు చెప్పడం మానేసి అన్నీ చేత్తో చేయిస్తానంటారేంటి మేడమ్?"

"సార్, ఆ బొమ్మకి నాడి లేదు" అంది టీచరమ్మ. "కావాలంటే మీరూ పట్టుకు చూడండి."

ఆయన నిజంగానే పట్టుకున్నారు. పాపం, గడియారం కూడా చూశారు! పెద్దమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

"సరే, రెండు వారాలు మీ ఇష్టం" అన్నారాయన చివరికి. "పరీక్షలో నిజమైన రోగుల దగ్గర సగం మంది తప్పారో, ఈ క్లాసు మీది కాదు."

టీచరమ్మ పదహారేళ్ళు వార్డులో నర్సుగా చేసి వచ్చిన మనిషి. గొంతు సన్నం, వెనక బెంచీ దాకా వెళ్ళేది కాదు. మొదట్లో డస్టరుతో బల్ల బాదేది. తర్వాత తనే వెనక్కి వెళ్ళి నిలబడి పాఠం చెప్పసాగింది. ముందు బెంచీలవాళ్ళు మెడలు తిప్పుకోలేక చచ్చారు. భోజనాలయ్యాక కునికేవాళ్ళని లేపి మంచం చుట్టూ నిలబెట్టేది. ఏమడిగినా ముందు అరిచే పిల్లకి మైకు అనీ, నోరు విప్పని పిల్లకి మౌనవ్రతం అనీ పేర్లు పెట్టింది పెద్దమ్మే.

ఇక బొమ్మని పక్కనపెట్టి ఒకరి చెయ్యి ఒకరు పట్టుకోమంది టీచరమ్మ. మూడంతస్తులు పరుగెత్తుకొచ్చి రొప్పుతున్న పిల్లకి కూడా మైకు డెబ్బై రెండే రాసింది.

"పుస్తకంలో అంతే ఉంది మేడమ్!"

అప్పుడు మౌనవ్రతం నోరు తెరిచింది. "నాకు మొన్న బొమ్మకీ అందలేదు మేడమ్, ఇవాళా అందలేదు."

"మరి మొన్నెందుకు రాశావే?"

"అందరూ రాశారుగా."

టీచరమ్మ కసరలేదు. ఆ పిల్ల వేళ్ళు తీసుకుని తన మణికట్టు మీద సరైన చోట పెట్టింది. "అందలేదని చెప్పినవాళ్ళకే ముందు నేర్పిస్తాను" అంది. మర్నాటికి పదకొండు మంది అందలేదని ఒప్పుకున్నారు, అందులో మైకు ఒకతి!

అయినా ఒకరినొకరు ముట్టుకుంటే కిలకిలలే. పరీక్ష మూడు రోజుల్లో ఉందనగా టీచరమ్మ వచ్చి పెద్దమ్మ బకెట్టు పక్కన నిలబడింది.

"పెద్దమ్మా, రేపు మీరు ఆ మంచమెక్కాలి."

"నాకేం రోగం? గుండ్రాయిలా ఉంటేను!"

"రోగం అక్కర్లేదు, మీ నోరు చాలు. వార్డులో ముసలమ్మలు కసురుతారు, చెయ్యి లాక్కుంటారు. వీళ్ళకది అలవాటు కావాలి."

"నలభై మందీ పీకితే నా చెయ్యి ఊడి రాదూ?"

"రోజుకి ఇరవై మందినే పంపిస్తాను. మధ్యలో కాఫీ ఇప్పిస్తాను."

రెండో తరగతితో బడి మానేసిన తనని కాలేజీలో పాఠం చెప్పమంటున్నారు! పెద్దమ్మకి లోపల ఎక్కడో ఎగిరి గంతేసినట్టయింది. పైకి మాత్రం ముఖం ముడుచుకుని, "ఎంత గట్టిగా తిట్టాలేంటి?" అంది.

"మీకు తోచినంత. కానీ ఎవరైనా వణుకుతూ 'అందలేదమ్మా' అంటే మాత్రం తిట్టకండి. చెయ్యి మళ్ళీ ఇవ్వండి."