క్లేటన్ బండికి వెండెల్ పెట్టిన వంక

వెండెల్ నడిపిన బస్సెక్కి బడికి వెళ్లని పిల్లలు మా ఊళ్లో లేరు. మోకాలి లోతు మంచు పడిన పొద్దున కూడా ఆ పసుప్పచ్చ బస్సు వీధి చివర నిలబడేది. చేతి తొడుగులు మరిచిపోయి వచ్చే పిల్లల కోసం సీటు కింద సంచీ నిండా తొడుగులు పెట్టుకునేవాడు. అలాంటి మనిషి ఒక ఆడదానికి అబద్ధం చెప్పాడంటే, అతనే స్వయంగా నా వంటింట్లో కూర్చుని ఒప్పుకోకపోతే, నేనూ నమ్మేదాన్ని కాదు.

ఉద్యోగం మానేశాక అతని భార్య మార్వెల్ పోరు మొదలైంది. "ఊళ్లో పిల్లలందర్నీ తిప్పావు. నన్ను మాత్రం కిరాణా కొట్టు దాటించలేదు" అనేది. చివరికి మంచాలూ పొయ్యీ అన్నీ లోపలే ఉన్న ట్రెయిలర్ ఒకటి ఆమె తమ్ముడి దగ్గర తీసుకున్నారు. దాన్ని లాగాలంటే వాళ్ల చిన్న కారుకి ఊపిరి చాలదు. ఏనుగులాంటి బండి కావాలి.

అలాంటి బండి మా వీధిలో ఒకటే ఉండేది, మా పక్కింటి క్లేటన్‌ది. మంచు కరగడానికని మినసోటా రోడ్ల మీద చల్లే ఉప్పుకి బండ్ల అడుగులు తుప్పుపట్టి రాలిపోతుంటాయి. క్లేటన్ చలికాలమంతా వారం వారం దాని కిందకి దూరి కడిగేవాడు. మంచు కరిగే రోజుల్లో అతను పోయాడు. పోయే ముందు భార్య ఆర్డిత్ చెయ్యి పట్టుకుని, "బండిని బాగా చూసుకున్నాను. దాన్ని అమ్ముకుంటే నీకు ఇబ్బంది ఉండదు" అన్నాడట. అతని ఆఖరి మాట అదే. దాన్ని ఆమె మా అందరికీ ఎన్నిసార్లు చెప్పుకుందో!

ఏప్రిల్లో బండిని పచ్చిక మీద పెట్టి అద్దానికి 'అమ్మబడును' అని కాగితం అంటించింది. మర్నాడే వెండెల్ వచ్చాడు.

"ఏమోయ్, చూడ్డానికొచ్చావా, కొనడానికొచ్చావా?" అన్నాను కంచె మీంచి.

"దారిన పోతూ ఆగాను హిల్డక్కా."

మా వీధి క్లేటన్ ఇంటితోనే ఆగిపోతుంది. ఇక పోయే దారెక్కడ?

కొనేవాడు వస్తువుని మెచ్చుకుంటే మా ఊళ్లో వెర్రివాడని నవ్వుతారు. టైరుని కాలితో తన్నాలి, పెదవి విరవాలి, ఏదో ఒక వంక పెట్టాలి. అమ్మేవాడూ నవ్వి, "నీ మొహం, అంతా బానే ఉంది" అనాలి. మగవాళ్ల ఆట అది. ఆర్డిత్ ఎప్పుడూ ఆడి ఎరగదు.

వెండెల్ బండిని ధాన్యం గోదాముల మిట్ట దాకా తిప్పి తెచ్చాడు. దిగి తల అడ్డంగా ఊపాడు.

"ఎత్తెక్కేటప్పుడు గేరు జారుతోంది ఆర్డిత్. ట్రెయిలర్ తగిలిస్తే ఎన్నాళ్లు లాగుతుందో!"

"క్లేటన్ ఎప్పుడూ చెప్పలేదే?"

"మగాళ్లం అన్నీ చెబుతామా ఏంటి?"

ఆమె నవ్వలేదు. "నీ బస్సెక్కిన పిల్లల్లో నా మనవలూ ఉన్నారు. నువ్వు అబద్ధం చెప్పవు. ఎంతకు తోస్తే అంతకు తీసుకో" అంది. వెండెల్ ఒక్క క్షణం తడబడడం నేను చూశాను. అయినా తక్కువకే తీసుకున్నాడు.

ఆ బండి ట్రెయిలర్‌ని అగ్గిపెట్టెలా లాక్కుపోయింది. మార్వెల్ వీధి వీధికీ చెప్పింది. వెండెల్ గేర్లు బాగుచేయించుకున్నాడు కాబోలు అనుకున్నాం. నేను వెళ్లి లోపల అరలన్నీ తెరిచి చూసి, పరుపు మీద పడుకుని కూడా చూశాను. బానే ఉంది.

మే నెలాఖరున మేమందరం మా వాళ్ల సమాధుల దగ్గర ఎర్ర జెరేనియం పూల మొక్కలు నాటుతాం. ఆ ఏడు క్లేటన్ సమాధి దగ్గర ఒక్క ఆకు కూడా లేదు. నాకు మనసాగుతుందా? సరాసరి ఆర్డిత్ ఇంటికి వెళ్లాను. గోడ మీది క్లేటన్ ఫొటో లేదు.

"ఆఖరి మాట కూడా అబద్ధమే చెప్పాడే హిల్డా. గేర్లు పోతున్న బండిలో మనవల్ని కొండలెక్కించాడు. ఇంకా ఏమేం దాచాడో? రాత్రింబవళ్లూ అదే తొలుస్తోంది."

కాఫీకి మా వంటింటికి పిలిచి, ఆ మాటే వెండెల్‌తో అన్నాను. చేతిలో కాఫీ కప్పు బల్ల మీద పెట్టేశాడు.

"గేరు జారలేదక్కా" అన్నాడు. "ఊరికే అన్నాను. బేరంలో అంటాం కదా."

"మరైతే ఆ మాట ఆవిడతో చెప్పు!"

చెప్పలేదు. మా మగవాళ్లకి నోటితో క్షమాపణ చెప్పడం కన్నా ఒళ్లు వంచి పనిచేయడం తేలిక. ఆర్డిత్ ఇంటి ముందు పచ్చిక కోశాడు. చూరు కింది వాననీటి గొట్టంలో ఆకులు తీశాడు. మెట్టు బాగుచేశాడు. ఎంత చేస్తే అంత ముడుచుకుపోయాడు. ఎందుకంటే ఆమె ప్రతిసారీ తేనెలాంటి మాటే చెప్పేది: "నువ్వొక్కడివే నాకు నిజం చెప్పావు నాయనా. కట్టుకున్నవాడు చెప్పలేదు."

ఆ మాట విన్న రోజల్లా వెండెల్ అన్నం ముట్టడం లేదని మార్వెల్ చెప్పింది. గుచ్చి గుచ్చి అడిగితే ఆమెకి నిజం చెప్పేశాడట. "ఆ ట్రెయిలర్లో నేనిక పడుకోను. ఆ బండి చప్పుడు వింటేనే కంపరంగా ఉంది. వెళ్లి ఆర్డిత్‌తో చెప్పిరా" అందట.

అప్పుడు కదిలాడు. బండికి ట్రెయిలర్ తగిలించి ఆర్డిత్ వాకిట్లో ఆపాడు. "ఒక్కసారి ఎక్కు" అన్నాడు. ఆమె ఎక్కింది. పిలవకపోయినా నేను వెనక సీట్లో ఎక్కాను.

గోదాముల మిట్ట మీదకి బండి కుదుపు లేకుండా, ఇంజను గొంతు మారకుండా ఎక్కింది. పైన ఆపి, స్టీరింగు పట్టుకునే ఉండి, ముందుకే చూస్తూ అన్నాడు:

"విన్నావుగా. ఇందులో ఏ లోపమూ లేదు. అప్పుడూ లేదు. తక్కువకి అడగడానికి అబద్ధమాడాను. క్లేటన్ నీకు చెప్పింది నిజం."

 

"మా అబ్బాయికి చెప్పేశాను, మీ నాన్న మోసగాడని" అంది ఆర్డిత్. "చర్చిలో కాఫీ దగ్గర ఆడవాళ్లందరికీ చెప్పాను."

"నేను చెబుతాను, వాళ్లందరికీ."

ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి కింది గదిలో కాఫీ తాగుతుండగా వెండెల్ లేచి నిలబడ్డాడు. ఆర్డిత్ కొడుకు రస్ కూడా అక్కడే ఉన్నాడు. చెప్పాల్సిందంతా వెండెల్ చెప్పాడు. వెనక బల్ల దగ్గర ఎవరో నవ్వారు. "పోనిద్దూ వెండెల్! బేరంలో ఎవడు అబద్ధం ఆడడు?"

"అందరూ ఆడతారని నాకెవరైనా ముందే చెప్పారా?" అంది ఆర్డిత్. రస్ కప్పు కింద పెట్టి బయటికి వెళ్లిపోయాడు.

బేరంలో తగ్గించిన డబ్బు ఇస్తానని వెండెల్ ఆర్డిత్ వెనకే బయటికి వచ్చాడు. ఇవ్వమంది, కాదనలేదు. అక్కడితో అయిపోయిందనుకుని అతను ఊపిరి పీల్చుకోబోయాడు. ఆమె అతని మొహంలోకి చూసింది. ఆమె కళ్లలో కోపం లేదు, అదే భరించలేకపోయాను నేను.

"నువ్వు నా దగ్గరికొచ్చి చెప్పుకున్నావు వెండెల్, తేలికపడ్డావు. నేను క్లేటన్‌ని నమ్మలేదు. ఫొటో తీసి అట్టపెట్టెలో పడేశాను. ఇప్పుడు నేనెవరి దగ్గరికెళ్లి చెప్పుకోను?"

వెండెల్ టోపీ చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఆమె శ్మశానం వైపు ఒక్కతే నడిచింది. నేను వెంట వెళ్లలేదు.