ఓడ ఉచితం, బీమా మనదే

మా ఆయనకు బాగేపల్లిలో విత్తనాలు, పురుగుమందుల అంగడి. ఆ అంగడి గల్లాపెట్టె దగ్గర సగం జీవితం నేను కూర్చున్నదే కాబట్టి, మాకు ఓడ ప్రయాణం ఎట్ల వచ్చిందో నాకంటే బాగా తెలిసినవాళ్ళు లేరు. టమాటా విత్తనాలు, పురుగుమందులు అమ్మే ఒక కంపెనీ ఆ ఏడు డీలర్లకు పోటీ పెట్టింది. చెప్పినంత సరుకు కొని ఎత్తినవాళ్ళను ఆలుమగలిద్దర్నీ సింగపూర్‌కు తీసుకుపోయి, అక్కడ ఓడ ఎక్కించి, మలేసియా, థాయ్‌లాండ్ తీరాలు చూపించి వెనక్కి తెస్తారంట. అంతా ఉచితం. ఆ మాట చెవిన పడగానే మా ఆయన అమ్ముడుపోయే సరుకుతో పాటు అమ్ముడుపోని సరుకు కూడా ఎత్తినాడు. మిద్దె మీద గది నిండా మందుల పెట్టెలే. ఆ వానాకాలమంతా మా ఇంట్లో దోమ కనబడలేదు, బొద్దింక కనబడలేదు, ఆ వాసనకు చుట్టాలు కూడా కనబడలేదు.

గెలిచినామని కంపెనీ వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వచ్చింది. వీసా, విమానం, ఓడ, భోజనం అంతా కంపెనీదే. అడుగున చిన్న అక్షరాల్లో ఒక్క ముక్క. ప్రయాణ బీమా మాత్రం ఎవరిది వాళ్ళు చూసుకోవల్లంట. మా ఆయన పైనున్నదంతా ఒకసారి చదివినాడు, ఆ ముక్క మాత్రం పదిసార్లు చదివినాడు.

"ఏమ్మే, ఇంత పెద్ద ఓడ ఇచ్చేవాళ్ళకు ఇదొకటి కట్టడానికి ఏమి రోగం?"

"వాళ్ళకు రోగం రాదనే గదా మనల్ని కట్టుకోమనేది" అన్నాను.

చిక్కబళ్ళాపురలో మా తమ్ముడు బీమా ఏజెంటు. బండ్లకు, ఆస్పత్రి ఖర్చులకు, అడిగినవాళ్ళకు, అడగనివాళ్ళకు కూడా చేస్తాడు. నేను ఫోన్ చేసిన ఆదివారమే హెల్మెట్టు చంకలో పెట్టుకుని దిగినాడు. భోజనాల దగ్గర మొదలైన మాట, ఆకులు ఎత్తేసినా తెగలేదు.

"ఓడలో డాక్టరు ఉంటాడు బావా, కానీ ఊరికే చూడడు. డాలర్ల లెక్కలో బిల్లేస్తాడు. వాళ్ళ చేత గాని జబ్బయితే ముందొచ్చే రేవులో దించేసి ఓడ తన దారిన పోతాది. దిగినాక ఆస్పత్రి, హోటలు, తిరుగు విమానం, అన్నీ మన మీదే."

"మనకు ఆస్పత్రి కార్డు ఉండాది గదా?"

"ఆ కార్డు బెంగళూరులోనే ఒకచోట పలికితే ఒకచోట పలకదు. సముద్రం మీద యాడ పలుకుతాది?"

మా ఆయన మజ్జిగ తాగి, గ్లాసు కింద పెట్టి, అసలు సంగతికి వచ్చినాడు. "సరేలేప్పా. ఏమీ కాకపోతే?"

"ఏమీ కాకపోతే మంచిదే గదా."

"మంచిదేముండాది? అప్పుడు నా దుడ్డు పాయె."

మా తమ్ముడు నా పక్క చూసినాడు. నేను గ్లాసులు ఎత్తుతున్నట్టు నటించినాను. ఆరోగ్యంగా తిరిగి రావడం నష్టం కిందికి వస్తుందని ఆ పొద్దే నాకు తెలిసింది.

ఇంకో తమాషా ఏమంటే, మా అంగట్లో కూర్చుని రైతులకు పంట బీమా కట్టండి అని నెత్తీ నోరూ కొట్టుకునేది ఈయనే. అందరూ కన్నడంలో 'బెళె విమె' అంటారు. "గడువు దాటిపోతాది, విమె కట్టేయండప్పా" అని పోయేవాళ్ళను పిలిచి మరీ చెప్తాడు. అదే అడిగితే ఈయన దగ్గర జవాబు తయారుగా ఉండింది. చాకవేలు దగ్గర మాకు కొంచెం చేనుంది. ఒక ఏడు వాన మొగం చూడక చెనిక్కాయ పంటంతా నిలువునా ఎండిపోయింది. విమె వాళ్ళు వాన కొలిచే యంత్రం చూసి, అక్కడ బాగానే పడిందే అన్నారు. యంత్రం ఉన్నచోట పడింది నిజమే. మా చేను యంత్రం దగ్గర లేదు, అది మా తప్పు.

"రేపు సముద్రంలో నాకు కడుపు నొస్తే, వీళ్ళు గౌరిబిదనూరులో ఎవురికన్నా నొచ్చిందా అని చూసొచ్చి, లేదు పో అంటారు" అన్నాడు.

ఆ మాటకు మా తమ్ముడు కూడా నవ్వి, నీళ్ళు తాగినాడు.

ఈయనకు ఇంకా బలమిచ్చింది చింతామణి అన్న. చింతామణిలో ఆయనకు మా అంగడికి రెండింతల అంగడి. మా ఆయనకు పాత స్నేహితుడు, ఆయన కూడా ఓడ గెలిచినాడు. ఫోన్ స్పీకర్లో పెడితే మా వంటింటి దాకా వినబడే గొంతు. "ఉచితంగా ఇస్తాంటే దానికి మళ్ళీ కట్టేదేమప్పా? ఎద్దు మాదిరుండాను. నాకేమయితాది?" అన్నాడు. ఆ ఎద్దుకు బీపీ ఉండాదని, మాత్రలు సగం రోజులు మింగడని ఆయన భార్య నాకు చెప్పి ఉంది. ఆమెను నేను అక్కా అని పిలుస్తాను. ఆ సాయంత్రం ఆమె విడిగా ఫోన్ చేసింది, గొంతు తగ్గించి.

"మీరు తీసుకుంటాండారామ్మా?"

"ఇంకా కొట్లాడతాండాము అక్కా."

"మా ఇంట్లో కొట్లాడేదానికి కూడా లేదు. పోయే ముందు రోగాల మాట ఎత్తుతావా అని ఒక కేక ఏసినాడు. అయిపోయింది."

నేను మాత్రం ఊరుకోలేదు. మరునాడు మా ఆయన వింటుండగానే తమ్ముడికి ఫోన్ చేసి, "నా ఒక్కదానికే చెయ్యి నాయనా. మీ బావకు వద్దంట. ఆయనకు ఏమన్నా అయి రేవులో దించేస్తే, నేను ఓడలో ముందుకు పోయి చూడాల్సినవన్నీ చూసి వస్తాను" అన్నాను. ఆయన అంగడికి పోయినాడు. మధ్యాహ్నం భోజనానికి వచ్చి, అన్నం కలుపుకుంటా, "ఇద్దరికీ చెయ్యమను" అన్నాడు. నేను జబ్బు పడితే నాకు దుడ్డొచ్చి, తాను పడితే తనకు రాకపోవడం అన్యాయమని అంగట్లో కూర్చుని తేల్చుకున్నట్టుండాడు.

పాత జబ్బులేమన్నా ఉండాయా అని తమ్ముడు అడిగినప్పుడు ఈయన "ఏమీ లేవు" అన్నాడు. నేను ఆయన చొక్కా జేబులోంచి షుగరు మాత్రల పట్టీ తీసి బల్ల మీద పెట్టినాను. "దాచిపెడితే రేపు పైసా రాదు బావా" అని తమ్ముడన్నాడు. దానికి ఇంకొంచెం ఎక్కువ కట్టాల్సి వచ్చింది. ఆ ఎక్కువకు కారణం షుగరు కాదు నేనే అయినట్టు, ఆయన నన్ను రెండు రోజులు పలకరించలేదు.

ఓడ గురించి ఎక్కువ చెప్పను. పెద్ద బజారును నీళ్ళ మీద తేల్చినట్టు ఉంటుంది. కొత్త తెల్లబూట్లు వేసుకున్న డీలర్లంతా పైఅంతస్తులో, ఎదురుగా సముద్రం పెట్టుకుని, టమాటాకు తెల్లదోమ ఎందుకు తగ్గడం లేదని మాట్లాడుకున్నారు. అన్నం యాడ దొరుకుతుందో కనుక్కోవడానికి మాకు ఒక పూట పట్టింది. మా ఆయనకు ఎక్కినప్పటి నుంచి ఒకటే దిగులు, బీమా వాడుకోకుండా దిగిపోతామేమో అని. రెండో పొద్దు కొంచెం దగ్గొచ్చింది. మొహం వెలిగిపోయింది. పాలసీ కాగితం మడిచి జేబులో పెట్టుకుని ఓడ డాక్టరు గదికి పోయినాడు. గోడ మీద ఫీజుల బోర్డుంది. పక్కనే ఉన్న నర్సును అడిగితే, ముందు మీరు కట్టండి, తర్వాత బీమా వాళ్ళను అడుక్కోండి, చిన్న బిల్లులకు వాళ్ళు ఇవ్వకపోవచ్చు అని చెప్పిందంట. దగ్గు అక్కడే నయమయిపోయింది. మందు కూడా మింగలేదు.

ఆ మరుసటి పొద్దున ఓడ మలేసియాలో పెనాంగ్ రేవు చేరుతూ ఉంది. మేము నలుగురం టిఫిన్‌కు కూర్చున్నాము. చింతామణి అన్న ఇడ్లీ లాంటిదేదో దొరికిందని సంబరంగా ప్లేటు తెచ్చుకుంటా, మధ్యలో ఆగిపోయినాడు. ప్లేటు చేతిలోంచి జారింది. ఎడమ చెయ్యి పట్టుకుని, "ఏమో అయితాండాది" అని మెల్లిగా అన్నాడు. ఆయన నోట మెల్లిగా మాట రావడం నేను వినింది అదే మొదటిసారి. చొక్కా తడిసిపోయింది. మా ఆయన పరుగున పోయి పట్టుకుని కింద కూర్చోబెట్టినాడు.

ఓడ డాక్టరు చూసి, గుండెపోటు, వెంటనే రేవులో ఆస్పత్రికి పంపాలన్నాడు. కౌంటరు దగ్గర అమ్మాయి మొదట అడిగింది బీమా కాగితం. అక్క చేతిలో మాత్రల డబ్బా ఉంది, పాస్‌పోర్టులు ఉన్నాయి, అది లేదు. "ఆ మాట మాట్లాడనియ్యలేదమ్మా" అని నాతో తెలుగులో అంది, ఆ అమ్మాయికి అర్థమవుతుందా లేదా అని కూడా చూడలేదు. కంపెనీ మేనేజరు టై సర్దుకుంటా వచ్చి, "మెసేజ్‌లో చెప్పినాము గదా మేడమ్" అని చెప్పి, మిగతా డీలర్లను ఊరు చూపించడానికి పోయినాడు. బస్సులు కాచుకుని ఉండినాయి పాపం.

సాయంత్రానికి ఓడ బయలుదేరుతుంది. దిగినవాళ్ళు దిగినట్టే. నేను ఏమీ అడగకముందే మా ఆయన గదికి పోయి పెట్టె సర్దుతున్నాడు.

"యాడికి?" అన్నాను.

"ఆ యమ్మకు ఇంగ్లీషు రాదు. వాడు పండుకోనుండాడు. ఇద్దర్నీ ఈడ ఇడిసిపెట్టి థాయ్‌లాండ్ పోయి నేను ఏమి చూడల్ల?"

నేను నా చీరలు కూడా అందులోనే పెట్టినాను. బీమా దుడ్డు కోసం అంత కొట్లాడిన మనిషి, ఓడలో మిగిలిన రోజులన్నీ ఒక్క మాట లేకుండా వదిలేసినాడు. ఆయన మీద నాకున్న ఫిర్యాదుల్లో కొన్ని ఆ పూట వాయిదా పడినాయి.

దిగే ముందు తమ్ముడికి ఫోన్ చేసినాను. మా తిరుగు ప్రయాణం ఖర్చు పాలసీలో వస్తుందేమో అని.

"మీకేమన్నా అయిందా అక్కా?"

"మాకేమీ కాలేదు."

"అట్లయితే రాదక్కా. పక్కవాళ్ళ గుండెపోటుకు మీరు దిగిపోతే పాలసీలో చోటు లేదు."

మా ఆయన ఫోన్ లాక్కుని, "నాకు కూడా గుండెల్లో ఏదో అయితాండాదని రాయి" అన్నాడు. అటునుంచి తమ్ముడు నవ్వలేదు. నిజంగా ఏమన్నా అవుతుందేమో అని భయపడి, మళ్ళీ రెండుసార్లు నాకు ఫోన్ చేసినాడు. అట్ల, మా గుంపులో ఉన్న నలుగురిలో బీమా ఉన్న ఇద్దరికి ఏ జబ్బూ రాలేదు, జబ్బొచ్చినవాడికి బీమా లేదు.

ఆస్పత్రిలో తమిళం మాట్లాడే నర్సు ఒకామె ఉండటం మా పుణ్యం. టమాటా మండీలో తమిళనాడు వ్యాపారుల దగ్గర నేర్చుకున్న తమిళం మా ఆయనది. అందులో ధర అడగడానికి కావలసినన్ని మాటలున్నాయి, గుండె గురించి అడగడానికి ఒక్కటీ లేదు. "సరుకు ఎట్లుంది?" అన్నట్టే ఏదో అడిగినాడు. ఆమె నవ్వు ఆపుకుని, నాళంలో అడ్డు తీసి స్టెంటు వేస్తున్నారని, భయం లేదని చెప్పింది. అక్క నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. ఆమె ఏడవలేదు. "ఇంట్లో అయ్యుంటే నా మాట వినకుండా జీర్ణం కాలేదని సోడా తాగి పండుకునేవాడు. ఇక్కడ కాబట్టి డాక్టరు దగ్గరికి పోయినాడు" అంది. అది కూడా నిజమే.

ముందుగా కట్టాల్సింది మా ఆయన తన కార్డు మీద కట్టినాడు. మిగతాది అక్క వాళ్ళ అల్లుడు బెంగళూరు నుంచి వచ్చి చూసుకున్నాడు. డీలర్ల గ్రూపులో ఈ సంగతి చెప్తే బొటనవేళ్ళు, దణ్ణం పెట్టే చేతులు చాలా వచ్చినాయి. కంపెనీ ఒక పూలగుత్తి పంపింది. అందులో ఉన్న పూలు మా చిక్కబళ్ళాపుర పూల మార్కెట్టులో ఎవరూ కొనరు, అంత వాడిపోయినాయి.

అల్లుడు వచ్చినాక మేము బయలుదేరినాము. ఇంకొన్నాళ్ళకు అన్నను కూడా ఇంటికి తెచ్చినారు.

చూడ్డానికి చింతామణి పోయినాము. అన్న దిండ్లకు ఆనుకుని కూర్చున్నాడు, గొంతు తిరిగి వచ్చింది. చూడవచ్చినవాళ్ళు గుండె సంగతి ఒక నిమిషం, ఓడలో భోజనాల సంగతి అరగంట అడుగుతున్నారు. మా ఆయన ఉండబట్టలేక, "ఆ పొద్దు కట్టింటే ఇంత భారం తప్పేది గదప్పా" అన్నాడు.

"యాడ తప్పుతాది?" అన్నాడు అన్న. "పాత జబ్బులుండాయా అని అడుగుతారు. నేను బీపీ ఉండాదని చెప్పేవాణ్ణి కాదు. చెప్పలేదని వాళ్ళు ఇచ్చేవాళ్ళు కాదు. కట్టినా అంతే, కట్టకపోయినా అంతే. నాకు ఆ కట్టే దుడ్డన్నా మిగిలింది."

మా ఆయన ఆ లెక్కలో తప్పు యాడ ఉండాదో బాగేపల్లి వచ్చేదాకా కారులో వెదికినాడు, దొరకలేదు.

అక్క మాత్రం ఆ రోజు కాఫీలిచ్చే నెపంతో నన్ను వంటింట్లోకి పిలిచి, "మీ తమ్ముడి ఆఫీసు చిక్కబళ్ళాపురలో యాడుండాది?" అని అడిగింది. చెప్పినాను. ఆ వారంలోనే, ఆయనకు చెప్పకుండా, బస్సెక్కి ఒక్కతే పోయిందంట. తర్వాత మా తమ్ముడు చెప్పినాడు. ఇద్దరికీ ఆస్పత్రి బీమా కావల్లని కూర్చుని, ఆయన బీపీ, ఆయన స్టెంటు, తన మోకాళ్ళు, ఎప్పుడో తీయించుకున్న గర్భసంచితో సహా ఒక్కటీ దాచకుండా చెప్పిందంట. ఇట్లాంటి కొనేవాళ్ళను తాను ఇంతవరకూ చూడలేదన్నాడు.

పాత జబ్బులకు కొన్నేండ్లు ఆగితే గానీ బీమా వర్తించదని వాడు భయపడతా చెప్పినాడంట.

"ఆగుతామప్పా" అందంట అక్క. "ఆయన్ను కూడా ఆగమని చెప్తాను. ఇప్పుడు మాత్రలు నా చేత్తో నేనే ఇస్తాండాను."

సంతకం పెట్టి, సాయంత్రం బస్సుకు ఇంటికి పోయింది. అన్నం వడ్డించేటప్పుడు అన్నకు చెప్పిందంట. ఆయన కేక వేయడానికి ఊపిరి తీసుకుని, డాక్టరు గట్టిగా అరవొద్దన్నాడని గుర్తొచ్చి, పెరుగు వేయమన్నాడంట.