ఫరంపేటకు నడిచొచ్చిన మేకులు

లూయిస్‌ను ఎవరైనా దొంగ అంటే నాకు ఒళ్లు మండుతుంది. ఆయన చేసిందల్లా బజారు పెద్దమనుషులు పారేసినవి ఏరుకోవడం. ఆ రోజుల్లో నేను యానాం పనుల కచేరీలో గుమాస్తాను. చూసీ నోరు మూసుకున్న పాపంలో నాకూ వాటా ఉంది.

లూయిస్ పని నేల కొలిచే ఇనపగొలుసు పట్టడం. ఫ్రెంచి దొరల కాలంలోనూ అదే, వాళ్లు వెళ్లాకా అదే. ఇరవై ఏళ్లలో ఊరంతా కొలిచాడు గాని, తానుండే ఫరంపేట సందులో మాత్రం ఒక్కసారీ గొలుసు పరవలేదు. వానాకాలం ఆ సందులో మోకాటిలోతు నీళ్లు నిలిచేవి. ఆయన భార్య సారమ్మ మంచం మీద పొయ్యి పెట్టుకుని వండేది.

"వచ్చే వానలకీ ఇలాగే వండమన్నావంటే, నీ గొలుసే ఉడకేసి పెడతాను" అందట ఒకనాడు.

యాభై ఆరులో పుదుచ్చేరి నుంచి ఉమామహేశ్వరం అనే ఇంజనీరు వచ్చి, ఊరికి పదిహేనేళ్ల పథకం గీశాడు. మొదటి ఏడు ఒక్క మురుగుకాలువకే డబ్బుంది. అది బజారుకి. ఫరంపేట కాలువ పదమూడో ఏట. ఆ మాట విన్న పూట సారమ్మ మొగుడికి అన్నం పెట్టింది గాని, కూర పెట్టలేదు.

కాలువ వెళ్లే దారి పొడవునా బజారులో ఎర్రరంగు పూసిన కర్రమేకులు దిగేశారు. మేకు ఎవరి వాకిట ఉంటే వాళ్ల అరుగు కొట్టేస్తారు. అరుగు పోతే పరువు పోయినట్టే. సాయంత్రం నలుగురూ చేరి ఊళ్లోవాళ్లని ఆడిపోసుకునేది అక్కడే మరి. బట్టల కొట్టు బుల్లబ్బాయి తన మేకు పీకి పక్కింటి ముందు పాతాడు. పక్కాయన దాన్ని ఎదురింటికి సాగనంపాడు. వారం తిరిగేసరికి విసుగెత్తి, అన్నీ పీకి పెంటకుప్ప మీద పారేశారు. పైగా కాలువ మాకొద్దంటూ అందరూ సంతకాలు చేసి అర్జీ పెట్టారు. అందుకున్నది నేనే. ఏం మనుషులండీ!

లూయిస్ ఆ మేకులన్నీ గంపలో ఏరుకొచ్చాడు. ఫరంపేటలో గోదారి వైపు వాలు చూసి, గొలుసు పరిచి, వాటిని తిన్నగా దిగ్గొట్టాడు. ఆ సందులో ఒక్కరూ వాటిని ముట్టలేదు.

పథకం పుదుచ్చేరికి పంపేముందు ఇంజనీరు చివరిసారి చూడ్డానికొచ్చాడు. కాగితాలు పట్టుకుని నేనూ వెంట నడిచాను. బజారులో అర్జీ ఉంది, మేకుల్లేవు. ఫరంపేటలో మేకులున్నాయి, అర్జీ లేదు.

"మేకులు నడిచొచ్చాయా లూయిస్?"

"కాళ్లు బజారోళ్లిచ్చారండి. నేను తోవ చూపించానంతే."

ఇంజనీరు నవ్వలేదు. గోడల మీద నీటి చారలు చూసుకుంటూ నడిచి, ఒక మేకు దగ్గర ఆగాడు. అది లూయిస్ అరుగును ఆనుకునే ఉంది. ఆ అరుగు ఆయన సొంత చేతులతో కట్టుకున్నది. దాని మీదే సారమ్మ ఎండుచేపలు అమ్మేది. కాస్త వంపు తిప్పుకోలేకపోయావా అని ఇంజనీరు అడిగితే, గొలుసు తిన్నగా పట్టడమే వచ్చునన్నాడు లూయిస్. రేపు మీరూ అరుగు కోసం అర్జీ పెడితే నా గతేమిటన్నాడు ఇంజనీరు. లూయిస్ తన భార్య మొహంకేసి చూశాడు.

సారమ్మ చేపల గంప తీసి పక్కన పెట్టింది. లోపలికెళ్లి గునపం తెచ్చింది.

"అరుగు మీద కూచోవాలంటే ముందు ఇంట్లో నిలబడాలి కదండి" అని, మొదటి రాయి తనే పెళ్లగించింది.

ఇంజనీరు అక్కడే, ఆ దుమ్ములోనే పథకం విప్పి, బజారును కొట్టేసి ఫరంపేట రాశాడు. కొట్టేసిన బజారును కిందికి, ఫరంపేట ఖాళీ చేసిన చోటికి దించాడు.

మరుసటేడు వానలకి సారమ్మ నేల మీద పొయ్యి పెట్టుకుని వండింది. బజారు మాత్రం ఎప్పట్లాగే మునిగింది. బుల్లబ్బాయి తడిసిన పంచె పైకెత్తి పట్టుకుని, మా కాలువ ఎప్పుడండీ అంటూ కచేరీకొచ్చాడు. నేను కుర్చీ వేసి కూర్చోబెట్టి, పథకం తీసి చూసి, పదమూడో ఏట అని చాలా మర్యాదగా చెప్పాను.