వసీతి ఇవ్వనన్న పెట్ట

అడగందే అమ్మైనా పెట్టదంటారు. మా దీవి ఊళ్లో అడిగితే పగవాడైనా పెట్టాలి. చుట్టం గుమ్మంలో నిలబడి "కెరెకెరె" అన్నాడంటే, ఉన్నది తీసి చేతిలో పెట్టడమే. ఆ లెక్కన మా పక్కింటి వసీతి అందరికంటే ఎక్కువే పెట్టింది. చేమదుంపలు, చాపలు, మొగుడు చనిపోయిన ఏడాది అతని వలలు కూడా. ఆమె పెరటి కోళ్లు ఉడకని కుండ ఊళ్లో లేదు.

అలాంటి మనిషి ఒక్కసారి లేదన్నందుకు ఊరు ఊరంతా ఏం చేసిందో తలచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

తుఫాను ఆమె కోళ్లన్నింటినీ ఊడ్చుకుపోయింది. ఒక్క ఎర్ర పెట్ట మిగిలి, కొన్నాళ్లకు పొదుగుడికి వచ్చింది. మా ఎండ గుడ్డును పొదగదు, ఉడకబెడుతుంది. అందుకని వసీతి, గుంజల మీద ఎత్తుగా కట్టిన తన ఇంటి కింద నీడలో కొబ్బరి పీచు పరిచి, పేలు పట్టకుండా బూడిద చల్లి, గుడ్లు పెట్టింది. ముంగిస దూరకుండా చుట్టూ రాళ్లు పేర్చింది. మధ్యాహ్నాలు పెట్ట నోరు తెరిచి రొప్పుతుంటే చుట్టూ నేల తడిపేది. ఒక్కో గుడ్డునూ వెలుతురుకు ఎత్తి నాకు చూపించింది. లోపల సన్నగా నరాలు.

"ఇవి బతికితేనే నాకు మళ్లీ కోళ్లు" అంది.

సరిగ్గా అప్పుడే ఆమె మొగుడి అన్న ఇలియేసా దిగబడ్డాడు. అతని ఇంటికి పాస్టరుగారు భోజనానికొస్తున్నారు. ఇలియేసాకి కోళ్లు లేక కాదు. అవి పనసచెట్టెక్కి కూర్చుంటాయి, పట్టుకోవాలంటే ఒళ్లొంచాలి. పొదిగే కోడి పరిగెత్తదు. అదీ సంగతి.

"వసీతీ, కెరెకెరె. ఆ పెట్టనియ్యి."

"బావా, అది గుడ్ల మీదుంది. కళ్లు కనపట్టంలేదా?"

"గుడ్లదేముందే, ఈ ఎండకి అవే పిల్లలవుతాయి."

"అయితే నీ బట్టతల మీద పెట్టుకుని ఎండలో కూర్చో, చూద్దాం. తిండి మానేసి కూర్చుందది. దాని ఒంట్లో మాంసమెక్కడిది? పాస్టరుగారికి ఈకలు వండిపెడతావా?"

బావతో పరాచికం మాకు మామూలే. ఇలియేసా మాత్రం నవ్వలేదు.

"పాస్టరుగారి కోసం అడిగితే లేదంటావా?"

"లేదు."

బయట చాపలల్లుతున్న ఆడవాళ్ల చేతులు ఆగిపోయాయి.

ఆ తర్వాత ఎవరూ ఆమెతో పోట్లాడలేదు. దారిలో ఎదురుపడితే నవ్వారు కూడా. కానీ ఆమె గుమ్మంలోకి వచ్చి అగ్గిపెట్టె అడిగినవాళ్లు లేరు. మా ఊళ్లో అడగడం మానేశారంటే చుట్టరికం తెంచుకున్నట్టే. ఇలియేసా పెళ్లాం కొబ్బరి కోరాం కోసం వసీతి ఇల్లు దాటి ఊరి చివరిదాకా వెళ్లింది. సిగ్గులేని జనం! నేనడిగితే లెక్కలోకి రాదు, నేను ఆమె చుట్టాన్ని కాను.

గుడ్లు పిల్లలయ్యాయి. వసీతి వాటికి కొబ్బరి కోరి పెట్టింది, చెదపుట్టలు తవ్వి పురుగులు వేసింది. రెక్కలొచ్చాయి. ఎవరింట్లోనైనా కోడిపిల్లలు లేస్తే, ఒక జత మాకంటే మాకని చుట్టాలు వరస కడతారు. ఆమె ఇంటికి ఒక్కరూ రాలేదు.

ఒక ఆదివారం చర్చి అయ్యాక వసీతి కోడిపిల్లలను బుట్టలో వేసుకుని ఇలియేసా ఇంటి ముందు నిలబడింది. ఏం గొడవవుతుందోనని నేనూ వెంట వెళ్లాను.

"బావా! బయటికి రా! నా పెరడంతా కోడిపిల్లలే. ఎందుకడగవు?"

"మాకక్కర్లేదు."

"అబద్ధం! మొన్న నీ పెళ్లాం కంచె అవతల నిలబడి వీటినే చూసింది. అడుగు!"

"అడగను. మళ్లీ లేదంటావు."

"నోర్ముయ్! పొదిగే తల్లినడిగితే లేదన్నాను. మళ్లీ అడిగినా అదే అంటాను. అందుకని అసలడగడమే మానేస్తారా? నా గుమ్మం తొక్కేవాడే లేడు. నేనేమన్నా చచ్చిపోయానా బావా?"

ఇలియేసా మెడ గోక్కున్నాడు. వంటింటి వైపు చూశాడు. బుట్ట వైపు మాత్రం చూడలేదు.

"ఇంట్లో ఉప్పు అయిపోయింది. కొంచెం ఉంటే..." అని గొణిగాడు.

"సరిగ్గా అడుగు!"

"కెరెకెరె."

వసీతి బుట్ట అక్కడే వదిలేసి ఇంటికి పరిగెత్తింది. పోతూ తిట్టింది, వస్తూ తిట్టింది. ఉప్పు డబ్బా మొత్తం తెచ్చి అతని చేతిలో పెట్టింది. ఆ పూట తన కూరకి చిటికెడు ఉప్పు కూడా ఉంచుకోలేదు.